ఆ పిల్లకు 34 ఏళ్ళొచ్చినా పెళ్ళెందుకు కాలేదు?

హన్మకొండ నుంచి ఒక అమ్మ రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. తొమ్మిది పేజీలు చేత్తో రాసి, ఫోన్లో ఫొటోలు తీసి పంపారు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇక్కడ చెబుతాను.

ఆమెకు 58 ఏళ్ళు. భర్త లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. కొడుక్కి 32, ఎనిమిదేళ్ళుగా అట్లాంటాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కూతురికి 26, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది, సంబంధాలు చూస్తున్నారు. కిందటేడు ఆమె ఒక్కరే విజిటర్ వీసా మీద కొడుకు దగ్గరికి వెళ్ళి ఐదు నెలలు ఉండి వచ్చారు. అక్కడ కొడుకు ఒకమ్మాయిని ఇంటికి తీసుకొచ్చి, "అమ్మా, పెళ్ళంటూ చేసుకుంటే ఈ అమ్మాయినే" అన్నాడు. నల్లజాతి అమ్మాయి. అట్లాంటాలోని స్పెల్మన్ కాలేజీలో చదివి, ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ చేసి, యూనివర్సిటీలో పాఠాలు చెబుతోంది. అబ్బాయికంటే రెండేళ్ళు పెద్ద.

"పిల్ల మంచిదే. నాకు మోకాళ్ళ నొప్పులని తెలిసి, ఎక్కడికి పోయినా మెట్లు లేని తోవ ముందే చూసి పెట్టేది. నేను చారు పెడితే రెండుసార్లు పోయించుకుంది. కానీ ఇంత చదివి, ఇంత ఉద్యోగం ఉన్న పిల్లకు 34 ఏళ్ళొచ్చినా పెళ్ళెందుకు కాలేదు? ఏదో ఉండే ఉంటది కదా?" అని రాశారు.

ఆ అమ్మాయి తల్లికి పెళ్ళి కాలేదు. తండ్రి ఆమెకు నాలుగేళ్ళప్పుడు జైలుకు వెళ్ళాడు. ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉంటాడు, అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. అమ్మాయిని పెంచింది అదే జార్జియా రాష్ట్రంలో, మేకన్ ఊళ్ళో ఉండే అమ్మమ్మ, తాతయ్య. అమ్మమ్మకు ఇప్పుడు 86. ఆమె పెళ్ళి 1958లో అయింది, తాతయ్య పోయేదాకా 51 ఏళ్ళు కాపురం చేసింది. ఆయన డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి, రిటైరయ్యాక సొంతూరికి తిరిగొచ్చాడు.

డాలస్‌లో ఉన్న మరిది రోజూ వాట్సాప్‌లో లెక్కలు పంపుతున్నాడట. వాళ్ళలో పదిమంది పిల్లల్లో ఏడుగురు పెళ్ళికాని తల్లులకే పుడతారని, పెళ్ళిళ్ళు నిలబడవని. "వాళ్ళ కల్చరే అంత వదినా, వాళ్ళకు పెళ్ళంటే లెక్కలేదు" అంటాడట. మాస్టారు కొడుకుతో మాట్లాడి నాలుగు నెలలైంది. కూతురి సంబంధాలు చెడిపోతాయని ఆయన భయం. పైగా పెళ్ళిలో చీపురు మీదుగా దూకుతారని కొడుకు చెప్పాడు. కాలికి చీపురు తగిలితేనే కళ్ళకద్దుకునే ఇల్లు వాళ్ళది, ఆ మాటకు ఈమె ప్రాణం కొట్టుకుపోయింది.

ఒక పేజీలో ఇలా రాశారు: "రంగు గురించి నేను మాట్లాడను. నన్ను చూడొచ్చిన రెండు సంబంధాలు పిల్ల నలుపని తప్పిపోయినయ్. ఆ బాధ నాకు తెలుసు. అయినా ఆ పిల్ల పక్కన మావాణ్ణి చూస్తే గుండె దడదడలాడింది. అబద్ధం రాయను."

చివరి పేజీలో ఇంకో సంగతి. థాంక్స్‌గివింగ్ పండక్కి మేకన్ వెళ్ళినప్పుడు ఆ అమ్మమ్మ ఈమె చెయ్యి పట్టుకుని, "మీ భాషలో మా పిల్లను మీరు ఏమని పిలుస్తారు?" అని అడిగిందట. కొడుకు తెలుగులో చెప్పినా, ఈమె వినపడనట్టు ఊరుకున్నారు. "ఆ లెక్కలు నిజమేనా? నేను ఎవరి దిక్కు నిలబడాలె?" అన్నది ఉత్తరంలో చివరి మాట.

అమ్మా, గుండె దడదడలాడిందన్న వాక్యం కొట్టేయకుండా పంపారు కాబట్టి నేనూ దాపరికం లేకుండా రాస్తాను. ముందు లెక్కల సంగతి చూద్దాం. మీ ఇంట్లో లెక్కల మాస్టారున్నారు కనుక ఈ భాగం ఆయనకు కూడా చదివి వినిపించండి.

మీ మరిది పంపిన అంకె అబద్ధం కాదు. అమెరికాలో నల్లజాతి పిల్లల్లో నూటికి దాదాపు 70 మంది పెళ్ళికాని తల్లులకే పుడుతున్నారు. 1960లో నల్లజాతి వయోజనుల్లో నూటికి 61 మంది పెళ్ళి బంధంలో ఉన్నవాళ్ళు, 2008 నాటికి 32 మందే. అదే కాలంలో తెల్లవాళ్ళలోనూ అది 74 నుంచి 56కు పడిపోయింది, కానీ వీళ్ళ పతనం ఇంకా లోతు. మొదటి పెళ్ళి ఇరవై ఏళ్ళు నిలిచే అవకాశం ఎంతని 2006 నుంచి 2010 దాకా అక్కడి ప్రభుత్వం సర్వే చేస్తే తెల్ల స్త్రీలలో నూటికి 54, నల్లజాతి స్త్రీలలో 37 అని తేలింది. వీటిలో ఏ అంకెనూ నేను మీకోసం తగ్గించి చెప్పను.

అయితే మరిది చెప్పింది రెండు ముక్కలు. ఒకటి లెక్క, రెండోది ఆ లెక్కకు ఆయన ఇచ్చిన కారణం. లెక్క నిజం. "వాళ్ళకు పెళ్ళంటే లెక్కలేదు" అన్న కారణం నిజం కాదు. దీనికి నేను ఎక్కడికో పోనక్కర్లేదు, మీరు రాసిన ఆ ఒక్క ఇంట్లోనే సాక్ష్యం ఉంది. అమ్మమ్మ 51 ఏళ్ళు కాపురం చేసింది. ఆమె కూతురికి పెళ్ళే కాలేదు. అదే ఇల్లు, అదే చర్చి, ఆదివారం భోజనానికి అదే బల్ల. కల్చరే కారణమైతే అది తల్లికీ కూతురికీ మధ్య ఇరవై ముప్పై ఏళ్ళలో ఎటు పోయింది?

అసలు 1890 నుంచి 1940 వరకు అక్కడి జనాభా లెక్కలు చూస్తే నల్లజాతి ఆడవాళ్ళు తెల్లవాళ్ళకంటే చిన్న వయసులోనే పెళ్ళిళ్ళు చేసుకునేవారు. ఇంకా వెనక్కి వెళ్తే మిమ్మల్ని భయపెట్టిన చీపురు దగ్గరికి వస్తాం. బానిసత్వం ఉన్న రోజుల్లో నల్లజాతివాళ్ళ పెళ్ళికి చట్టంలో విలువ లేదు. యజమాని తలచుకుంటే భర్తను ఒక ఊరికి, భార్యను ఇంకో ఊరికి అమ్మేసేవాడు. అందుకే వాళ్ళ పెళ్ళి ప్రమాణంలో "చావు విడదీసేదాకా" అనే మాట చాలక "చావైనా, దూరమైనా విడదీసేదాకా" అనిపించేవారు. కాగితం లేదు, రిజిస్ట్రారు లేడు, తాళి లేదు. పదిమంది ముందు ఒక చీపురు నేల మీద పెట్టి, ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని దాన్ని దాటితే, ఆ పదిమందికీ అదే పెళ్ళి. 1865లో బానిసత్వం పోయాక వేలమంది జంటలు, కొందరు మనవలున్న ముసలివాళ్ళు కూడా, అప్పటికే ఎన్నో ఏళ్ళు కలిసి బతికినవాళ్ళు, వరసకట్టి పెళ్ళి నమోదు చేయించుకున్నారు. విడిపోయిన భార్యకోసం, భర్తకోసం, అమ్మకోసం ఏళ్ళ తరబడి పత్రికల్లో ప్రకటనలు వేయించారు. 'ఫలానా యజమాని దగ్గర ఉండేది, ఫలానా ఊరికి అమ్మేశారు, ఎవరికైనా జాడ తెలిస్తే చెప్పండి' అనే తరహావి. పెళ్ళంటే లెక్కలేని జనం చేసే పనులు కావవి.

మీరు చీపురును కళ్ళకద్దుకునేది లక్ష్మి అని. వాళ్ళు దాటేది, తమ ముత్తాతలకు పెళ్ళి అనడానికి మిగిలింది అదొక్కటే అని. రెండిళ్ళలోనూ అది గౌరవమే. ఆ వేడుక మీకు ఇబ్బందిగా ఉంటే మీ అబ్బాయితో ఆ మాట చెప్పండి. కొత్త చీపురుకు రిబ్బన్లు కట్టి, పూలతో అలంకరించి, తర్వాత గోడకు తగిలించుకుని జీవితాంతం దాచుకుంటారు. ఇల్లూడ్చిన చీపురు కాదది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మీకు సగం ఊరట అనుకుంటాను.

మరి అమ్మమ్మ తరానికీ అమ్మ తరానికీ మధ్య ఏం జరిగింది? ఆ తాతయ్య జార్జియా వదిలి డెట్రాయిట్ ఎందుకు వెళ్ళాడో ఆలోచించండి. దక్షిణాది పత్తి చేలలో కూలి, అవమానం భరించలేక లక్షలాదిమంది ఉత్తరాది ఫ్యాక్టరీలకు వెళ్ళారు. కార్ల ఫ్యాక్టరీలో పని అంటే యూనియన్ జీతం, పెన్షన్. పెద్ద చదువు లేకపోయినా భార్యాబిడ్డల్ని పోషించుకోగలిగిన ఉద్యోగం. మన సింగరేణిలో బాయి పని దొరికితే ఒకప్పుడు పిల్లనివ్వడానికి ఎలా ముందుకొచ్చేవారో మీకు తెలుసు కదా, అలాంటిదే. సీనియారిటీ ఉన్న తాతయ్య రిటైరయ్యేదాకా నిలబడ్డాడు. కానీ ఆయన కూతురు, ఆమెతో కలిసి బతికిన కుర్రాడు పెద్దవాళ్ళయ్యే సమయానికి గేట్లు మూతపడుతున్నాయి. డెట్రాయిట్ పక్కనే హామ్‌ట్రామిక్‌లో వేలమంది పనిచేసిన డాడ్జ్ మెయిన్ ఫ్యాక్టరీ 1980 జనవరిలో మూసేశారు. అది ఒకటి, అలాంటివి ఎన్నో.

ఆ తర్వాత జైళ్ళు. ఆ తండ్రి ఏ కేసులో వెళ్ళాడో మీరు రాయలేదు, నేను ఊహించను. కానీ అప్పటి చట్టం ఎలాంటిదో చెబుతాను. 1986లో చేసిన చట్టం ప్రకారం పేద నల్లజాతి పేటల్లో ఎక్కువగా దొరికే క్రాక్ అనే గడ్డ కొకైన్ 5 గ్రాములు పట్టుబడితే ఐదేళ్ళు తప్పని శిక్ష. డబ్బున్నవాళ్ళు వాడే పొడి కొకైన్‌కు అదే శిక్ష పడాలంటే 500 గ్రాములుండాలి. సరుకు ఒకటే, రూపం వేరు. ఆ తేడాను తగ్గించడానికి 2010 దాకా పట్టింది. ఈలోపు ఒక తరం మగవాళ్ళు లోపలికి పోయి, మచ్చతో బయటికొచ్చారు. మచ్చ ఉన్నవాడికి ఉద్యోగం రాదు, ఉద్యోగం లేనివాణ్ణి పెళ్ళిచేసుకోవడానికి ఆడపిల్ల జంకుతుంది. మన దగ్గరైతే చేసుకుంటుందా?

ఇంకో దుర్మార్గం కూడా ఉంది. 1960ల దాకా చాలా రాష్ట్రాల్లో పేద తల్లులకు ప్రభుత్వం ఇచ్చే సాయం, ఇంట్లో మగవాడు కనిపిస్తే ఆపేసేవారు. అర్ధరాత్రి అధికారులు వచ్చి మంచాల కింద వెతికేవారు. 1968లో సుప్రీం కోర్టు అలబామా కేసులో ఆ నిబంధన చెల్లదంది. మొగుడు ఇంట్లో ఉంటే పిల్లల పాలడబ్బులు పోతాయని భయపెట్టిన ప్రభుత్వమే, తర్వాత ఈ ఇళ్ళల్లో మగవాళ్ళు ఎందుకు లేరని నివేదికలు రాయించింది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఇప్పుడు మీరు అడిగిన సూటి ప్రశ్న. ఇంత చదివిన పిల్లకు 34 వచ్చినా పెళ్ళెందుకు కాలేదు?

మాస్టారిని ఒక లెక్క వేయమనండి. పాతిక నుంచి యాభై నాలుగేళ్ళ మధ్య, జైలు బయట ఉన్న నల్లజాతి ఆడవాళ్ళు 100 మంది ఉంటే, అదే వయసు మగవాళ్ళు 83 మందే ఉన్నారని 2015లో ఒక పెద్ద పత్రిక జనాభా లెక్కల నుంచి తేల్చింది. కొందరు జైళ్ళలో, కొందరు అకాల మరణాల్లో పోయారు. తెల్లవాళ్ళలో ఆ లెక్క దాదాపు సరిసమానం. ఈ 83 మందిలో డిగ్రీ ఉన్నవాళ్ళు ఎందరు? నల్లజాతి విద్యార్థులు ఏటా అందుకునే డిగ్రీల్లో మూడింట రెండు వంతులు ఆడపిల్లలవే. ఆ మిగిలిన మగవాళ్ళలోనూ కొందరు బయటి జాతుల్లో చేసుకుంటారు. 2015లో కొత్తగా పెళ్ళైన నల్లజాతి మగవాళ్ళలో నూటికి 24 మంది అలా చేసుకుంటే, ఆడవాళ్ళలో 12 మందే. తీసివేతలన్నీ అయ్యాక ఏం మిగిలిందో మాస్టారు చెబుతారు. ఆ అమ్మాయిలో లోపం వెతకనక్కర్లేకుండానే లెక్క సరిపోతుంది.

ఇందులో సంస్కృతి లేదా అంటే ఉంది, కానీ మీ మరిది అనుకున్న చోట కాదు. నల్లజాతి ఆడపిల్లల్లో చాలామందికి తమవాణ్ణే చేసుకోవాలి, తమ మగవాళ్ళను లోకమంతా తోసేస్తుంటే తామూ తోసేయకూడదు అనే పట్టుదల ఉంటుంది. దానికోసం ఎదురుచూస్తూ ఏళ్ళు గడుస్తాయి. మన పిల్లల్లో కులం పట్టింపు ఉన్నంత గట్టిగా ఉంటుంది, కారణం మాత్రం వేరు. రెండోది, పెళ్ళంటే వాళ్ళకు అన్నీ కుదిరాక చేసుకునేది. ఉద్యోగం, సొంత కాళ్ళు, మనిషి మీద నమ్మకం, ఆ తర్వాత పెళ్ళి. మనకు పెళ్ళయ్యాక కుదురుకోవడం. మన పద్ధతిలో అందరికీ పెళ్ళవుతుంది, అందులో ఎంతమంది సుఖంగా ఉన్నారో ఎవరూ లెక్క కట్టరు. వాళ్ళ పద్ధతిలో పెళ్ళి ఆలస్యం, కొందరికి అసలు కాదు. నలభై దాటేనాటికి ఒక్కసారైనా పెళ్ళయిన నల్లజాతి ఆడవాళ్ళు మూడింట రెండు వంతులకు లోపే, తెల్లవాళ్ళలో పదికి తొమ్మిది. ఏ పద్ధతి గొప్పదో నేను తీర్పు చెప్పను. రెండింటికీ వెల ఉంది, రెండుచోట్లా ఎక్కువ వెల కట్టేది ఆడవాళ్ళే.

చదువు పెళ్ళిని చెడగొడుతుందని మనవాళ్ళకు ఒక నమ్మకం, అందుకే ఆ పీహెచ్‌డీ కూడా మీకు గుచ్చుకుంటోందని నాకనిపించింది. అక్కడి లెక్క దానికి ఎదురు. నేను పైన చెప్పిన సర్వేలోనే, అన్ని జాతులూ కలిపి చూస్తే, డిగ్రీ చదివిన ఆడవాళ్ళ మొదటి పెళ్ళి ఇరవై ఏళ్ళు నిలిచే అవకాశం నూటికి 78. హైస్కూలు దాకానే చదివినవాళ్ళలో 40. 1960లో చదువుకున్నవాళ్ళకూ లేనివాళ్ళకూ పెళ్ళి విషయంలో పెద్ద తేడానే లేదు, ఇప్పుడది అగాధం. చదువున్నవాళ్ళలోనూ నల్ల, తెల్ల తేడా పూర్తిగా పోలేదు, అది కూడా చెప్పాలి. కానీ నూటికి 37 అన్న అంకె తీసుకొచ్చి ఈ అమ్మాయి నుదుట అంటించడం లెక్క తెలిసినవాళ్ళు చేసే పని కాదు. ఇంకోటి చూడండి. నైజీరియా, జమైకా లాంటి దేశాల నుంచి వచ్చి స్థిరపడ్డ నల్లవాళ్ళలో 2013 నాటికి నూటికి 48 మంది పెళ్ళి బంధంలో ఉన్నవాళ్ళు, అమెరికాలో పుట్టినవాళ్ళలో 28. రంగు ఒకటే, చరిత్ర వేరు.

ఆ 70 గురించి కూడా ఒక మాట. పెళ్ళి కాని తల్లి అంటే తండ్రి పత్తా లేడని కాదు. ఇంట్లో పిల్లలతో ఉంటున్న తండ్రులను ప్రభుత్వ సర్వేవాళ్ళు అడిగితే, చిన్నపిల్లలకు రోజూ స్నానం చేయించి బట్టలు తొడిగేవాళ్ళు నల్లజాతి తండ్రుల్లో నూటికి 70, తెల్లవాళ్ళలో 60. మన ఇళ్ళల్లో ఎంతమంది అని అడిగితే మీరూ నేనూ తలదించుకోవాలి.

ఇప్పుడు బల్లకు అటువైపు కూర్చుని చూడండి. ఆ అమ్మమ్మకు కూడా ఒక మరిది ఉన్నాడనుకోండి. ఆయన మన లెక్కలు పంపుతాడు. 2019-21లో మన దేశంలో జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబే అన్న ఆడవాళ్ళు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి దాదాపు 84 మంది. "వాళ్ళ కల్చరే అంత, ఆ ఇంటికి పిల్లనెలా ఇస్తావు?" అంటాడు. దానికి మీరేమంటారు? మావాడు అలాంటివాడు కాదు, వాణ్ణి చూసి మాట్లాడండి అంటారు. ఆ అమ్మాయి తరఫున నేను అడిగేదీ అంతే.

ఆ అమ్మాయి తరఫువాళ్ళకు వేరే భయం కూడా ఉండొచ్చు. మీ అబ్బాయి వీసా మీద ఉన్నాడు, అమ్మాయి అక్కడి పౌరురాలు. గ్రీన్‌కార్డు కోసం చేసుకుంటున్నాడని మన బంధువులు గుసగుసలాడతారు. వాళ్ళ బంధువులు అదే అనుమానంతో మీవాణ్ణి చూస్తారు. ఆ రోజు ఆ పెద్దావిడ మీ చెయ్యి పట్టుకున్నది ఈ భయంతోనేమో అని నాకనిపించింది.

రంగు దగ్గరికి వస్తాను. ఆ రెండు సంబంధాలు తప్పిపోయిన రోజు మీకు తగిలిన దెబ్బ, ముప్పై ఏళ్ళ తర్వాత మీ లోపలే ఉండి ఇంకో ఆడపిల్లను చూసి దడదడలాడింది. మిమ్మల్ని కాదన్నవాళ్ళ కళ్ళతోనే మీరు ఆ అమ్మాయిని చూశారు. ఇది మీ ఒక్కరి తప్పు కాదు, మనందరికీ ఉగ్గుపాలతో పోశారు. మీరు దాన్ని గుర్తుపట్టి రాశారు, అందుకే దాని గురించి ఇంతకంటే చెప్పను.

నిజంగా భయపడాల్సిందేదైనా ఉందా అని నన్ను అడిగితే, ఉంది. అది విడాకులు కాదు. మీ మనవడు అమెరికా వీధిలో నల్లపిల్లవాడిగానే కనిపిస్తాడు. పోలీసు కారు ఆపితే చేతులు ఎక్కడ పెట్టాలి, ఎలా మాట్లాడాలి అని నల్లజాతి తల్లిదండ్రులు తమ పిల్లలను కూర్చోబెట్టి నేర్పుతారు. హన్మకొండలో పెరిగిన మీ అబ్బాయికి అది తెలియదు, ఆ అమ్మాయికి తెలుసు. ఈ విషయం వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారా అని అడగండి. పిల్లల్ని ఏ మతంలో పెంచుతారు, వాళ్ళమ్మను ఎవరు చూసుకుంటారు, మీరు పెద్దవాళ్ళయ్యాక మీ సంగతేమిటి, ఇవన్నీ అడగండి. అత్తగారిగా అడిగే హక్కున్న ప్రశ్నలివి. 34 వచ్చినా ఎందుకు కాలేదన్నది అలాంటి ప్రశ్న కాదు.

ఎవరి దిక్కు నిలబడాలన్నారు. మీ ముందున్న దారులు నాకు కనిపించినంతవరకు చెబుతాను, నడవాల్సింది మీరు.

మాస్టారి పక్కన నిలబడి వద్దనొచ్చు. అలా అంటే పెళ్ళి ఆగుతుందని మాత్రం అనుకోకండి. జార్జియాలో కౌంటీ ప్రొబేట్ కోర్టుకు వెళ్ళి లైసెన్సు తీసుకుంటే చాలు, 32 ఏళ్ళవాడికి అమ్మానాన్నల సంతకం అక్కర్లేదు. పెళ్ళి ఫొటోలు మీకు ఎవరి స్టేటస్‌లోనో కనిపిస్తాయి. అలాంటి ఉత్తరాలు నాకు వస్తుంటాయి. పంతం గెలిచామన్న తల్లిదండ్రులు ఒక్కరూ అందులో లేరు. కొందరికి కొడుకు పదేళ్ళకు తిరిగి కలిశాడు, మనవరాలు వాళ్ళను చూసి తండ్రి వెనక దాక్కుంది.

సరే అని, కూతురి పెళ్ళయ్యేదాకా దాచిపెట్టొచ్చు. మీ సారు మనసు ఇటే మొగ్గుతుందని మీ ఉత్తరం చదివితే తెలిసింది. దీనికి ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ముందు చూడండి. తన ముత్తాతల పెళ్ళికి చట్టం విలువ ఇవ్వని చరిత్ర ఉన్న పిల్లతో, నీ పెళ్ళిని కొన్నాళ్ళు లేనట్టు ఉంచమని చెప్పాలి. ఇంకోపక్క కూతుర్ని అబద్ధం మీద అత్తారింటికి పంపాలి. ఫోన్ లేని బంధువు లేని ఈ రోజుల్లో అది ఆరు నెలలు కూడా దాగదు, బయటపడ్డ రోజు మాట పడేది మీ అమ్మాయే. ముందే చెబితే కొన్ని సంబంధాలు పోతాయి. పోవు అని నేను అబద్ధం చెప్పను. వదిన నల్లదని వెనక్కి వెళ్ళే ఇల్లు, రేపు మీ అమ్మాయికి నల్లగా బిడ్డ పుడితే ఏమంటుందో కూడా ఆలోచించండి. అన్నిటికంటే ముందు, తొమ్మిది పేజీల్లో మీ అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యం లేదు. ఆమెను అడిగారా?

గడువు అడగొచ్చు. ఇది మంచిదే, ఆ గడువులో ఏదైనా జరిగేట్టుంటేనే. మాస్టారు కొడుకుతో మాట్లాడాలి, ఆ అమ్మాయితో ఒక్కసారైనా వీడియోలో కూర్చోవాలి, ఆ అమ్మమ్మతో మీరు మాట్లాడాలి. ఊరికే వాయిదా వేస్తే 34 ఏళ్ళ అమ్మాయికి అది వద్దన్నట్టే అర్థమవుతుంది, పిల్లలు కావాలనుకుంటే ఆమెకు ఒక్కో నెలా విలువైనదే.

లేదా ఆయన ఇంకా ఒప్పుకోకముందే మీరు ఒప్పుకోవచ్చు. మీ వీసా మీ దగ్గరుంది, ఒకసారి ఒంటరిగా వెళ్ళొచ్చారు. దీనివల్ల ఇంట్లో కొన్ని నెలలు మౌనం ఉంటుంది, అది మామూలు కష్టం కాదు, 58 ఏళ్ళ వయసులో భర్తకు ఎదురు నిలవడం తేలిక అని నేను అనను. కానీ తండ్రీ కొడుకుల మధ్య ఒక తలుపు తెరిచి ఉంటుంది. ఆయన మాట్లాడాలనుకున్న రోజు రావడానికి దారి మిగులుతుంది. ఇక్కడ కూడా ఒక వేడుక చేయాలనుకుంటే, చట్టం ప్రకారం పెళ్ళి జార్జియాలోనే చేసుకుని రమ్మనండి. మన స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద ఇక్కడ చేయాలంటే వాళ్ళలో ఒకరు ముప్పై రోజులు ఇక్కడ ఉండాలి, మళ్ళీ ముప్పై రోజుల నోటీసు.

మీ మరిదికి కూడా ఒక సంగతి చెప్పండి. జార్జియా 1927లో చేసిన చట్టంలో తెల్లవాళ్ళు పెళ్ళి చేసుకోకూడనివాళ్ళ జాబితా ఉంది. నల్లవాళ్ళతోపాటు అందులో భారతీయులూ ఉన్నారు. ఆ అమ్మమ్మ పెళ్ళైన 1958లోనే వర్జీనియాలో లవింగ్ దంపతులను, భార్య నల్లజాతి, భర్త తెల్లవాడు, పడకగదిలోంచి అరెస్టు చేశారు. వాళ్ళ కేసులో 1967 జూన్ 12న సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పుతోనే అలాంటి చట్టాలన్నీ పోయాయి. మన డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికా వెళ్ళడానికి తలుపు తెరిచిన 1965 చట్టం కూడా నల్లజాతివాళ్ళు వీధుల్లో లాఠీదెబ్బలు తిని తెచ్చిన మార్పు వెనకే వచ్చింది. ఆయన డాలస్‌లో ఇల్లు కొనుక్కుని ఈ లెక్కలు పంపగలుగుతున్నాడంటే అందులో ఆ పెద్దావిడ తరానికి వాటా ఉంది.

ఇక ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్న. మీరు వినపడనట్టు ఊరుకున్నా, జవాబు మీకు తెలుసు. కోడలు అనే మాట ఇప్పుడే నోటికి రాకపోతే బలవంతంగా అనకండి, ఆ వయసువాళ్ళు మాటలో బోలుతనం ఇట్టే పట్టేస్తారు. అమ్మాయి అని చెప్పండి, బిడ్డా అని పిలుస్తామని చెప్పండి, మీకు నిజంగా నోటికొచ్చేదేదో అది. వాళ్ళకు ఆదివారం పొద్దున చర్చి ఉంటుంది కాబట్టి శనివారం ఫోన్ చేయండి. చలికాలంలో మనకు రాత్రి ఎనిమిదైతే అక్కడ పొద్దున తొమ్మిదిన్నర. తర్జుమాకు అబ్బాయి వద్దు, మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి.